ఓర్వకల్లు కన్నా ముందు: సీమ ఆకాశంలో విమానాల చరిత్ర

కర్నూలు నుంచి నంద్యాల పోయే జాతీయ రహదారిలో 18 కిలోమీటర్ల దూరాన ఓర్వకల్లు విమానాశ్రయం ఉంది. టికెట్టు కొని ఎక్కే విమానం ఉమ్మడి కర్నూలు జిల్లా నేల మీద మొదటిసారి దిగింది ఇక్కడే, 2021 మార్చి 28న. అప్పటికి భారతదేశంలో క్రమం తప్పని విమాన టపా మొదలై 88 ఏళ్లు దాటింది. ఆ టపా తొలి ప్రయాణంలో రాత్రి బస చేసిన ఊరు బళ్లారి. అది నంద్యాల దగ్గరి బనగానపల్లెకు పడమరగా సుమారు 140 కిలోమీటర్ల దూరంలో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని దత్తమండలాల్లో (రాయలసీమకు పాత పేరు) ఉండేది. దేశ విమానయాన చరిత్రలో సీమ పేరు మొదటి పుటలోనే కనిపించి, ఆ తర్వాత చాలా పుటల్లో మాయమైంది. అందుకు కారణం కొండల్లోనూ లేదు, గాలుల్లోనూ లేదు, ఖర్చు లెక్కల్లో ఉంది. విమానం ఏ ఊళ్లో ఆగాలన్నది ప్రతి కాలంలోనూ, ఆ మజిలీ వల్ల వచ్చే నష్టాన్ని ఎవరు భరిస్తారన్న దాన్ని బట్టే తేలింది.

దక్షిణాదిలో విమానం ఎగరడం 1910 నాటి మాట. మద్రాసులో హోటలు నడిపే డి ఏంజెలిస్ అనే కార్సికా ద్వీపవాసి సొంతంగా విమానం కట్టించి ఆ ఏడాది పల్లావరం దగ్గర ఎగిరి చూపించాడు. మరుసటి ఏడు ఫిబ్రవరి 18న అలహాబాదు నుంచి నైనీకి హెన్రీ పెకె అనే ఫ్రెంచి పైలట్ సుమారు 6,500 ఉత్తరాలు మోసుకెళ్లాడు. ఇవన్నీ జనం గుమిగూడి చూసే ప్రదర్శనలే తప్ప, రేపు మళ్లీ ఇదే వేళకు వస్తుందని నమ్మకం పెట్టుకోదగ్గ సర్వీసులు కావు. అలాంటి నమ్మకం కలగడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. 1927లో భారత ప్రభుత్వం పౌర విమానయాన శాఖను ఏర్పాటు చేసింది. ఆ తర్వాతి ఏడాది నుంచి పెద్ద నగరాల్లో ఫ్లయింగ్ క్లబ్బులు లేచాయి. వాటికి సర్కారు కొంత గ్రాంటు ఇచ్చేది. 1929 ఫిబ్రవరిలో జె.ఆర్.డి. టాటా పైలట్ లైసెన్సు పుచ్చుకున్నాడు. ఈ దేశంలో జారీ అయిన లైసెన్సుల్లో అది ఒకటో నంబరుది.

టపా విమానాల ఆలోచన టాటాది కాదు. బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసి వచ్చిన నెవిల్ విన్సెంట్ ఆ ప్రతిపాదనతో టాటాల దగ్గరికి వచ్చాడు. ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానాలు లండన్ నుంచి ఉత్తరాలను కరాచీ దాకా తెచ్చి వదిలేసేవి. అక్కడి నుంచి అవి రైల్లో మద్రాసు చేరేసరికి, గాలిలో మిగుల్చుకున్న రోజులన్నీ పట్టాల మీద ఖర్చయ్యేవి. కరాచీ నుంచి బొంబాయి మీదుగా మద్రాసుకు ఆ సంచులను గాలిలోనే చేరుస్తామని విన్సెంట్, టాటా ప్రభుత్వానికి చెప్పారు. మొదట సబ్సిడీ అడిగారు, సర్కారు ఇవ్వలేదు. చివరికి సబ్సిడీ మాట వదులుకుని, మోసిన టపా బరువును బట్టి వచ్చే రుసుముతోనే సరిపెట్టుకుంటామన్నాక అనుమతి దొరికింది. పెట్టుబడి 2 లక్షల రూపాయలు. విమానాలు రెండు, రెండూ డి హావిలాండ్ వారి పస్ మాత్‌లు. ఒక్క ఇంజను, చెక్క, గుడ్డ, ఉక్కు గొట్టాలతో అల్లిన చిన్న శరీరం, రేడియో లేదు. కింద కనిపించే నదినీ, రైలు పట్టాలనూ చూసుకుంటూ దారి తెలుసుకోవాలి.

1932 అక్టోబరు 15 పొద్దున కరాచీలోని డ్రిగ్ రోడ్ మైదానం నుంచి టాటా బయలుదేరాడు. విమానంలో ఉన్న టపా 25 కిలోలు. అహ్మదాబాదులో పెట్రోలు డబ్బాలు ఎద్దుల బండి మీద వచ్చాయి. మధ్యాహ్నానికి బొంబాయిలోని జుహూ మైదానం చేరాడు. అక్కడ సంచులను అందుకుని రెండో విమానంలో విన్సెంట్ దక్షిణానికి తిరిగాడు. ఆ రాత్రి బళ్లారిలో దిగి, మర్నాడు మద్రాసు చేరాడు.

బళ్లారిలోనే ఎందుకు దిగాడన్నది పటం చూస్తే తెలిసిపోతుంది. బొంబాయి నుంచి మద్రాసుకు గాలిలో వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. మధ్యాహ్నం బొంబాయిలో బయలుదేరితే చీకటి పడేలోగా మద్రాసు అందదు. రాత్రి పూట దిగడానికి దీపాలున్న మైదానాలు ఈ దారిలో లేవు. కాబట్టి పొద్దుగూకే వేళకు అందే ఊరు ఒకటి కావాలి. అక్కడ బ్రిటిష్ వారి దండు, పోస్టాఫీసు, తంతి, రైల్వే జంక్షన్ ఉంటే మరీ మంచిది. ఇవన్నీ బళ్లారికి ఉన్నాయి. దత్తమండలాల్లో అంత పెద్ద దండు మరెక్కడా లేదు. నంద్యాలకు గానీ కర్నూలుకు గానీ ఆ అర్హత లేదు. రెండూ బొంబాయి–మద్రాసు దారికి బాగా ఉత్తరంగా, తూర్పుగా పడతాయి. బళ్లారి నుంచి మద్రాసుకు నేరుగా పోయే దారి అనంతపురం, రాయచోటి, చిత్తూరు ప్రాంతాల మీదుగా సాగుతుంది. వారానికి ఒకసారి ఆ పల్లెల మీద వినబడిన ఇంజను మోత దేశంలో వేళ ప్రకారం నడిచిన తొలి విమాన సర్వీసుది. 1953లో బళ్లారి జిల్లాను విడదీసినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో, రాయదుర్గం అనంతపురం జిల్లాలో కలిశాయి. ఆ విధంగా తొలి టపా మజిలీ ఉన్న జిల్లాలో కొంత భాగం నేటికీ ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. మజిలీ ఊరు మాత్రం కర్ణాటకది.

లాభం వస్తుందని ఎవరూ అనుకోని ఆ పని మొదటి ఏడాదే 60,000 రూపాయలు మిగిల్చింది. ఆ ఏడాది టాటా విమానాలు 1,60,000 మైళ్లు తిరిగి 155 మంది ప్రయాణికులను, సుమారు 9.7 టన్నుల టపాను మోశాయి. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆనాటి వ్యాపారం ఏమిటో అర్థమవుతుంది. మనిషి అదనపు సామాను, ఉత్తరమే అసలు సరుకు. వానాకాలంలో జుహూ మైదానం బురదగుంట అయ్యేది, అప్పుడు విమానాలు పూనాకు మకాం మార్చేవి. మైదానం అంటే సిమెంటు లేని చదును నేలే. బళ్లారిలో ఉన్నదీ అలాంటిదే.

బళ్లారికి దక్కిన ఆ స్థానం ఎంతోకాలం నిలవలేదు. నిజాం సర్కారు కోరిక మేరకు టాటా టపా దారి హైదరాబాదు మీదుగా మళ్లింది. దూరం లెక్కన చూస్తే హైదరాబాదు దారిలోది కాదు, చుట్టు. ఆదరణ లెక్కన చూస్తే బళ్లారికి దానితో పోటీ లేదు. ఒకవైపు మద్రాసు ప్రభుత్వం కింద ఒక జిల్లా కేంద్రం, మరోవైపు సొంత నాణెం, సొంత రైల్వే, సొంత తపాలా ఉన్న రాజ్యానికి రాజధాని. 1938 ఫిబ్రవరిలో టాటా సర్వీసు కొలంబో దాకా సాగినప్పుడు హైదరాబాదు ఆ దారిలో స్థిరమైన మజిలీ. సీమ మీద నుంచి పోయే విమానాలు అప్పుడు తూర్పుకు జరిగాయి. హైదరాబాదు నుంచి మద్రాసుకు నేరు దారి నల్లమల తూర్పు అంచున మార్కాపురం, గిద్దలూరు వైపుగా పోతుంది.

విమానాలతో నిజాముకు ఉన్న సంబంధం అంతకు ముందరిది. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో, 1918లో, బ్రిటిష్ వైమానిక దళం 110వ స్క్వాడ్రన్‌కు కావలసిన డిహెచ్-9ఎ బాంబర్లను ఆయన కానుకగా ఇచ్చాడు. ఒక్కో విమానం మీదా ఆ సంగతి రాసి ఉండేది. ఆ స్క్వాడ్రన్ పేరులో హైదరాబాదు చేరిపోయింది. రెండో యుద్ధంలో స్పిట్‌ఫైర్లతో పోరాడిన 152వ స్క్వాడ్రన్‌దీ అదే పేరు, దాని చిహ్నంలో నిజాము తలపాగా కనిపిస్తుంది. హైదరాబాదు పేరున్న తొలి విమానాలు 1918లో ఐరోపా ఆకాశంలో తిరిగిన నాటికి హైదరాబాదు నగరం మీద సర్వీసు విమానం ఎగరనే లేదు. ఆ లోటు 1930లలో తీరింది. హైదరాబాదు ఏరో క్లబ్ బేగంపేటలో మైదానాన్ని అభివృద్ధి చేసింది. 1937 నాటికి అక్కడ టెర్మినల్ భవనం వచ్చింది. యుద్ధకాలంలో అదే బేగంపేటలో వైమానిక దళానికి కొత్త పైలట్లను తయారుచేసే ప్రాథమిక శిక్షణ బడి నడిచింది.

తుంగభద్రకు ఇవతల సంగతి వేరు. కర్నూలు జిల్లా మధ్యలో దీవిలా ఉన్న బనగానపల్లె కూడా సంస్థానమే, దానికీ నవాబు ఉన్నాడు, తొమ్మిది తుపాకుల వందనం ఉంది. విస్తీర్ణం 255 చదరపు మైళ్లు, అంతే. జోధ్‌పూర్ మహారాజు ఉమేద్ సింగ్ ఎడారిలో విమానాశ్రయం కట్టించి, తానే విమానం నడిపి, ఐరోపా నుంచి తూర్పు దేశాలకు పోయే విమానాలకు మజిలీ కల్పించిన రోజుల్లో బనగానపల్లె ఖజానాకు అలాంటి ఊహ కూడా బరువే. సంస్థానాల విమానయానం అంటే కొన్ని పెద్ద సంస్థానాల విమానయానమేనని గుర్తుంచుకోవాలి. మిగిలిన వందల సంస్థానాల్లో జనం తల ఎత్తి చూడటమే. బనగానపల్లె 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసి కర్నూలు జిల్లాలో భాగమైంది. అప్పటికి అక్కడికి రైలు కూడా లేదు.

రెండో ప్రపంచ యుద్ధం తెలుగు నేల మీద వరుసగా మైదానాలను మిగిల్చిపోయింది. జపాన్ భయం తూర్పు సముద్రం వైపు నుంచి కాబట్టి అవి ఎక్కువగా కోస్తాలోనూ, దాని వెనుక వరుసలోనూ వచ్చాయి. విశాఖపట్నం, గన్నవరం అలా వచ్చినవే. సీమకు అతి దగ్గరగా వచ్చినది దొనకొండ. గుంటూరు నుంచి నంద్యాల పోయే రైలు మార్గంలోని ఈ ఊళ్లో బ్రిటిష్ వారు యుద్ధ అవసరాలకు విమానాల మైదానం వేశారు. యుద్ధం ముగిశాక గన్నవరం, విశాఖ పౌర విమానాలకు పనికొచ్చాయి. దొనకొండ ముళ్లచెట్లకు వదిలేసిన రన్‌వేగా మిగిలింది. దానిని మళ్లీ తెరుస్తామన్న ప్రకటనలు మాత్రం ప్రభుత్వాలు మారినప్పుడల్లా వస్తూనే ఉన్నాయి. యుద్ధం ముగియడంతో అమెరికన్ల డకోటాలు మిగులు సరుకుగా చవగ్గా అమ్ముడుపోయాయి. దేశంలో విమాన కంపెనీలు పుట్టగొడుగుల్లా పుట్టడానికి అదే కారణం.

ఆ కాలపు పుట్టుకే డెక్కన్ ఎయిర్‌వేస్. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో స్థాపించిన ఈ కంపెనీ మరుసటి ఏడు నుంచి బేగంపేట కేంద్రంగా డకోటాలు నడిపింది. మద్రాసు, బెంగళూరు, నాగపూర్, ఢిల్లీ దాని దారులు. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్‌గా పేరున్న ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగం ఇచ్చింది ఈ కంపెనీయే. ఇక్కడ సీమకు సంబంధించిన ఒక విశేషం ఉంది. బేగంపేట నుంచి బెంగళూరుకు పటం మీద నేరుగా గీత గీస్తే అది కర్నూలు పక్కగా, దాదాపు ఓర్వకల్లు పొలాల మీదుగానే పోతుంది. 1940ల నుంచి డకోటాలు, తర్వాత ఫోకర్లు, ఆ తర్వాత బోయింగులు ఆ గీతకు అటూ ఇటూగా ఎగురుతూ వచ్చాయి. వాటిలో ఒకటైనా ఇక్కడ దిగవలసిన పని ఏ కంపెనీకీ పడలేదు. రెండు పెద్ద నగరాల మధ్య సగం దారిలో ఉండటం రైలు కాలంలో వరం. విమానాల వేగం, ట్యాంకుల పరిమాణం పెరిగిన కొద్దీ అదే ఊరికి శాపం. సీమలోని ద్రోణాచలం రైళ్లు మారే జంక్షన్‌గా ఎదిగింది. అదే తీరున విమానాలు ఆగే జంక్షన్‌గా ఎదిగే అవకాశం ఏ చిన్న ఊరికీ లేకపోయింది.

1948లో హైదరాబాదు ఆకాశం మరో పనికి వాడుకలోకి వచ్చింది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ పైలట్ పాత లాంకాస్ట్రియన్ విమానాల్లో కరాచీ నుంచి రాత్రుళ్లు ఆయుధాలు తెచ్చి నిజాం మైదానాల్లో దించాడు. బీదరు, వరంగల్లు మైదానాల పేర్లు అప్పుడు వార్తల్లోకి ఎక్కాయి. సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదు మీద జరిపిన పోలీసు చర్యతో అది ఆగిపోయింది.

1953 ఈ కథలో ముఖ్యమైన ఏడు. ఆగస్టు 1న ప్రైవేటు విమాన కంపెనీలన్నీ జాతీయమై, వాటిలో ఎనిమిది కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయ్యాయి. డెక్కన్ ఎయిర్‌వేస్ ఆ ఎనిమిదింటిలో ఒకటి. సరిగ్గా రెండు నెలలకు, అక్టోబరు 1న, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. కర్నూలులో సచివాలయానికి సరిపడా భవనాలు లేక గుడారాలు వేసిన సంగతి అందరికీ తెలిసినదే. ఆ రాజధానికి నియమిత విమాన సర్వీసు లేదన్న సంగతి అంతగా ఎవరూ చెప్పుకోలేదు. ఒక రాష్ట్ర రాజధాని, పైగా విమానాలన్నీ సర్కారు చేతికి వచ్చిన ఏడాదే రాజధాని అయిన ఊరు. విమానాశ్రయం రావడానికి ఇంతకు మించిన అదను ఉండదు. కానీ ఆ రాజధాని తాత్కాలికమని మొదటి రోజు నుంచే అందరికీ తెలుసు. తాత్కాలికానికి రన్‌వే ఎవరూ వేయరు. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలింది. అక్కడ బేగంపేట సిద్ధంగా ఉంది. ఆ మూడేళ్ల కాలంలో కర్నూలు పోగొట్టుకున్న వాటి జాబితా రాస్తే అందులో విమానాశ్రయం కూడా చేరుతుంది.

ఆ తర్వాత అరవై ఏళ్ల చరిత్రను క్లుప్తంగా చెప్పవచ్చు. జెట్ విమానాలు వచ్చాక వాటికి పొడవైన, గట్టి రన్‌వేలు కావలసి వచ్చి, చిన్న మైదానాలు వెనకబడ్డాయి. చిన్న ఊళ్లను కలపడానికి 1981లో వాయుదూత్ పుట్టింది. డోర్నియర్ వంటి చిన్న విమానాలతో రాజమండ్రి లాంటి చోట్లకు సర్వీసులు నడిపింది. నష్టాల్లో మునిగి 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. సీమలో విమానాశ్రయాలు వచ్చినవి భక్తి ఉన్న చోట. రేణిగుంట తిరుమల యాత్రికుల మీద ఆధారపడి ఎదిగింది. పుట్టపర్తిలో 1990లో తెరిచిన విమానాశ్రయాన్ని సత్యసాయి ట్రస్టే కట్టించింది. ప్రభుత్వ ఖజానా మీద భారం లేకుండా భక్తుల సొమ్ముతో రన్‌వే పడటం దేశంలో అరుదైన సంగతి. కడపలో పాత మైదానం ఉండి కూడా ఏళ్ల తరబడి నిద్రపోయింది. కొత్త హంగులతో అది తెరుచుకున్నది 2015 జూన్‌లో.

విమానం దిగకపోయినా సీమ రైతుకు ఆకాశంలో విమానం కోసం ఎదురుచూసే అలవాటు ఈ నడుమ ఒకటి వచ్చింది. ఈ శతాబ్దపు తొలి దశాబ్దంలో కరువు వరసగా పీడించినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం మేఘమథనం చేపట్టింది. చిన్న విమానాలు మబ్బుల్లోకి దూరి రసాయనాలను మండించి చల్లేవి. ఆ పొడి రేణువుల చుట్టూ తేమ పేరుకుని చినుకులవుతుందన్నది సిద్ధాంతం. అసలు మబ్బే లేని చోట మథనం చేయడానికి ఏమీ ఉండదు, మబ్బు ఉండి కురిసినా అది విమానం వల్ల కురిసిందో తనంత తానే కురిసిందో తేల్చడం కష్టం. ఫలితం మీద వాదాలు నడుస్తుండగానే ఆ కార్యక్రమం ఆగిపోయింది. గాలిమోటారు వస్తే వాన వస్తుందన్న ఆశ మాత్రం కొన్ని వేసవులు ఊళ్లలో చర్చకు వచ్చింది.

2009 ఈ ప్రాంతానికి విమానయానపు చేదును చూపించిన సంవత్సరం. సెప్టెంబరు 2 ఉదయం ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి బేగంపేట నుంచి బెల్ 430 హెలికాప్టర్‌లో చిత్తూరు జిల్లాకు బయలుదేరారు. గంట గడవక ముందే సంబంధాలు తెగిపోయాయి. నల్లమల మీద దట్టమైన మబ్బు, వాన. వైమానిక దళం విమానాలు, హెలికాప్టర్లు, అడవి తెలిసిన చెంచులు, పోలీసులు ఒక పగలు, ఒక రాత్రి వెదికాక మర్నాడు ఉదయం ఆత్మకూరు దగ్గరి పావురాలగుట్టపై శకలాలు కనిపించాయి. ముఖ్యమంత్రితో పాటు ఇద్దరు అధికారులు, ఇద్దరు పైలట్లు మరణించారు. నేటి నంద్యాల జిల్లాలోని నల్లకాలువలో ఉన్న స్మృతివనం ఆ ఘటనకు గుర్తు. సరిగ్గా నెల తిరిగేసరికి, అక్టోబరు 2న, తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు నగరం మునిగింది. మంత్రాలయం మునిగింది. మేడల మీద చిక్కుకున్న జనానికి ఆహార పొట్లాలు జారవిడిచింది, కొందరిని పైకి లాగి కాపాడింది హెలికాప్టర్లే. రెండు ఘటనల్లోనూ రక్షణ బలగాలు దూరపు స్థావరాల నుంచే రావలసి వచ్చింది. దగ్గర్లో రన్‌వే ఉండటం షోకు కోసం కాదన్న వాదనకు ఆ ఏడాది తర్వాత బలం పెరిగింది.

అయితే ఆ రన్‌వే ఎవరు వేయాలన్నది ప్రశ్న. అమెరికాలో వందలాది ఊళ్లకు సొంత మునిసిపల్ విమానాశ్రయాలు ఉన్నాయి. 1920లు, 30లలో అక్కడి నగర పాలక సంస్థలు బాండ్లు అమ్మి, పొలాలు కొని, మైదానాలు చదును చేసుకున్నాయి. పన్ను కట్టే పౌరుడే విమానాశ్రయ యజమాని. మన దేశంలో మునిసిపాలిటీకి తాగునీరు, వీధి దీపాలు, మురుగు కాల్వలే తలకు మించిన పని. విమానాశ్రయాలు మొదటి నుంచీ కేంద్రం చేతిలోనో, సైన్యం చేతిలోనో, సంస్థానాల చేతిలోనో ఉన్నాయి. 1995లో రెండు సంస్థలను కలిపి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియాను ఏర్పరచాక ఎక్కువ భాగం దాని కిందికి వచ్చాయి. దాని దృష్టిలో పడని ఊరికి దిక్కు రాష్ట్ర ప్రభుత్వమే. ఓర్వకల్లు ఆ కోవలోది. దానిని రాష్ట్ర విమానాశ్రయాల అభివృద్ధి సంస్థ కట్టించింది.

దీనికి అనువైన గాలి ఢిల్లీ నుంచి వీచింది. 2016లో కేంద్రం ఉడాన్ పథకం ప్రకటించింది. గంట ప్రయాణం ఉండే దారిలో కొన్ని సీట్లను 2,500 రూపాయల లోపు అమ్మాలన్నది అప్పటి నియమం. అలా అమ్మితే విమాన సంస్థకు పడే లోటును ప్రభుత్వం పూడుస్తుంది. ఆ మొత్తంలో సింహభాగం కేంద్రానిది, మిగిలినది రాష్ట్రానిది. గెలిచిన సంస్థకు మూడేళ్లు ఆ దారి మీద పోటీ ఉండదు. 1932లో టాటాలు అడిగి సాధించుకోలేని సబ్సిడీనే 84 ఏళ్ల తర్వాత సర్కారు పిలిచి ఇచ్చింది. 2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లా నుంచి ఈ పథకం తొలి విమానాలకు పచ్చజెండా ఊపినప్పుడు వాటిలో ఒకటి కడప–హైదరాబాదు సర్వీసు. నడిపింది హైదరాబాదుకు చెందిన ట్రూజెట్.

అదే ఏడాది జూన్‌లో ఓర్వకల్లులో శంకుస్థాపన జరిగింది. స్థలం సుమారు వెయ్యి ఎకరాలు. నల్లరేగడికి దూరంగా, పంట తక్కువ పండే రాతి నేల కావడం, పక్కనే జాతీయ రహదారి, కర్నూలుకూ నంద్యాలకూ నడుమ ఉండటం ఈ చోటును ఎంచడానికి తోడ్పడ్డాయి. 2019 జనవరి 8న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు దీనిని ప్రారంభించారు. అయితే ప్రయాణికుల విమానాలకు పౌర విమానయాన డైరెక్టరేట్ లైసెన్సు కావాలి, అది వచ్చింది 2021 జనవరిలో. మార్చి 25న ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి మళ్లీ ప్రారంభించారు. ఒకే విమానాశ్రయానికి ఇద్దరు ముఖ్యమంత్రుల చేత రెండు ప్రారంభోత్సవాలు జరిగాయి. మొదటిదానికీ తొలి విమానానికీ మధ్య రెండేళ్లకు పైగా గడిచింది.

రెండో ప్రారంభోత్సవ సందర్భంగా దీనికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. పేరు ఎంపికలో చక్కటి స్థానికత ఉంది. 1846 జూలైలో కంపెనీ సర్కారు మీద తిరగబడి కోయిలకుంట్ల ఖజానాను దోచిన పాలెగాడు ఆయన. 1847 ఫిబ్రవరి 22న అదే కోయిలకుంట్లలో ఉరితీశారు. జనాన్ని బెదిరించడానికి ఆయన తలను ఏళ్ల తరబడి కోట గుమ్మానికి వేలాడదీశారు. కోయిలకుంట్ల బనగానపల్లెకు కూతవేటు దూరం. ఉయ్యాలవాడ కూడా నేటి నంద్యాల జిల్లాలోనిదే. 2022 ఏప్రిల్ 4న జిల్లా విడిపోయాక విమానాశ్రయం కర్నూలు జిల్లాలో, ఆ పేరుగల వీరుడి ఊరు నంద్యాల జిల్లాలో మిగిలాయి.

రన్‌వే పొడవు 2,000 మీటర్లు, వెడల్పు 30. ఈ కొలతలు ఏటీఆర్-72కు సరిపోతాయి. రెండు పంకాలతో, డెబ్బై పైచిలుకు సీట్లతో నడిచే ఆ విమానం పొట్టి రన్‌వే మీద దిగగలదు, తక్కువ దూరాలకు తక్కువ ఇంధనం తాగుతుంది. ఎయిర్‌బస్ 320 వంటి జెట్‌కు మామూలుగా 45 మీటర్ల వెడల్పు కావాలి. మరో మాటలో, దీన్ని కట్టినవారు మహానగరపు ఊహలకు పోకుండా పథకానికి సరిపడా కట్టారు. ఆ నిర్ణయం సబబే. ఉడాన్ వేలంలో ఇండిగో మూడు దారులు దక్కించుకుంది: బెంగళూరు, విశాఖపట్నం, చెన్నై. వారానికి నాలుగు రోజుల చొప్పున సర్వీసులు మొదలయ్యాయి. హైదరాబాదు ఆ జాబితాలో లేదు. రోడ్డు మీద మూడు, నాలుగు గంటల్లో చేరే ఊరికి విమానం ఎక్కేవారు తక్కువ. విశాఖ సంగతి వేరు, రైల్లో అయితే రాత్రంతా పట్టే ప్రయాణం గనక అక్కడికి విమానానికి గిరాకీ ఉంటుంది.

బనగానపల్లె వైపు నుంచి చూస్తే ఈ కాలక్రమం మరింత విచిత్రంగా ఉంటుంది. 1990లలో మంజూరైన నంద్యాల–ఎర్రగుంట్ల రైలు మార్గం పూర్తయి బనగానపల్లెకు ప్రయాణికుల రైలు వచ్చింది 2016లో. గాలిలో 45 కిలోమీటర్ల దూరాన విమానం దిగింది 2021లో. రైలుకూ విమానానికీ మధ్య అయిదేళ్లే తేడా. ఊరి పేరు మోసే మామిడిపండు మాత్రం మనుషుల కన్నా చాలా ముందే విమానం ఎక్కింది. హైదరాబాదు నుంచి పరదేశాలకు విమానంలో ఎగుమతయ్యే పండ్లలో బంగినపల్లికి ఎప్పటి నుంచో చోటుంది. 2017లో ఆ పండుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. బేతంచెర్ల, బనగానపల్లె నాపరాళ్లకు మాత్రం లారీయే గతి.

ఓర్వకల్లు మండలం ఇప్పుడు ఎగిరే వాటికే కాక, ఎగిరే వాటిని కూల్చడానికీ వేదిక. మండలంలోని పాలకొలను దగ్గర రక్షణ పరిశోధన సంస్థకు పరీక్షా క్షేత్రం ఉంది. 2025 ఏప్రిల్‌లో అక్కడ లేజర్ కిరణంతో డ్రోన్లను నేల కూల్చే ఆయుధాన్ని పరీక్షించి చూపించారు. డ్రోన్ల తయారీకి ఓర్వకల్లులో 300 ఎకరాలు కేటాయిస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రకటించింది. ప్రయాణికుల విషయంలో వేగం ఇంత లేదు. రాష్ట్ర రాజధాని ప్రాంతానికి కర్నూలు నుంచి నేరుగా విమానం లేకుండానే నాలుగేళ్లు గడిచాయి. విజయవాడ సర్వీసు వారానికి మూడు రోజుల చొప్పున 2025 జూలై 2న మొదలైంది.